కామోమైల్ పచ్చిక: ఇంగ్లండ్ పెరట్లో పరిమళించే చిన్న జాగాను పెంచడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారి పెరళ్ళు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. చుట్టూ చెక్క కంచె, వంటింటి తలుపు ముందు నాలుగు రాతి పలకలు, మిగిలిన జాగా అంతా గడ్డి. వసంతం మొదలైనప్పటి నుంచి అక్టోబరు దాకా ఆ గడ్డిని కోస్తూనే ఉండాలి. గడ్డి మొత్తం తీసేయమని నేను చెప్పను. ఎండ బాగా పడే మూలలో రెండు మూడు చదరపు మీటర్లు కేటాయించి అక్కడ కామోమైల్ అనే సువాసన మూలిక వేయండి. బెత్తెడు ఎత్తు మించని మెత్తటి పచ్చదనం అది. పాదం మోపినా, చేత్తో నిమిరినా పండిన ఆపిల్ వాసన గుప్పుమంటుంది. కోత యంత్రంతో పనే ఉండదు.

కోత లేదంటే చాకిరీ లేదని కాదు. కోతకు బదులు కలుపు తీయాలి. గడ్డి నేలను దట్టంగా కమ్మేస్తుంది కాబట్టి కలుపుతో తనే పోట్లాడుతుంది. కామోమైల్‌కు అంత బలం లేదు. దాని తరఫున మీరు పోట్లాడాలి. అందుకే ఈ వ్యాసమంతా రెండు మాటల చుట్టూ తిరుగుతుంది: చిన్నగా వేయండి, నాటే ముందే నేలను శుభ్రం చేయండి. పెద్ద పెరడంతా పరచి సగం ఎండబెట్టుకోవడం కన్నా, చాప పరిచినంత జాగాలో నిండుగా పెంచుకోవడం ఎంతో మేలు.

ఏ కామోమైల్ కొనాలి?

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కామోమైల్ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. జర్మన్ కామోమైల్ ఏకవార్షికం. విత్తనం వేస్తే మొలిచి, రెండడుగుల దాకా పెరిగి, పూసి, ఆ ఏడాదే చనిపోతుంది. దుకాణాల్లో దొరికే టీ ఎక్కువగా దాని పూలతో చేసిందే. అది పచ్చికకు పనికిరాదు. మనకు కావలసింది రోమన్ కామోమైల్. ఇది బహువార్షికం, నేలను అంటుకుని పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. లేబుల్ మీద శాస్త్రీయ నామం కమేమెలమ్ నోబిలే అని ఉండాలి. ఈ రెండూ మన చామంతి కుటుంబానికి చెందినవే అయినా చామంతి మాత్రం కావు. టీ పొట్లం మీద చామంతి అని రాసి ఉందని తోటలోని చామంతి మొక్కను తెచ్చి నాటకండి.

రోమన్ కామోమైల్‌లో కూడా పచ్చికకు అన్నిటికన్నా అనువైన రకం ట్రెనీగ్. కార్న్‌వాల్ ప్రాంతంలోని ఒక ఎస్టేటు పేరే దీనికి పెట్టారు. ఇది పూయదు. పూల కాడలు లేవకపోవడం వల్ల ఎప్పుడూ నేలకు అంటుకునే ఉంటుంది, ఐదు నుంచి పది సెంటీమీటర్లకు మించి పెరగదు. పూయని మొక్కకు గింజ ఉండదు కదా, కాబట్టి ట్రెనీగ్‌ను పిలకలు విడదీసి మాత్రమే పెంచుతారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ట్రెనీగ్ విత్తనాలు అని అమ్మితే అవి ట్రెనీగ్ కావు. డబ్బు పెట్టకండి.

మామూలు రోమన్ కామోమైల్ విత్తనాలు చవకగా దొరుకుతాయి. వాటితోనూ పచ్చిక వేయవచ్చు. అయితే అది వేసవిలో కాడలు లేపి జానెడు, ఒక్కోసారి జానెడున్నర ఎత్తున పూస్తుంది. తెల్లటి రేకులు, మధ్యలో పసుపు బొడ్డు. చూడటానికి బాగుంటుంది, తేనెటీగలు కూడా వస్తాయి. కానీ కూర్చునే చోట తేనెటీగలు ఉండటం పిల్లలున్న ఇంట్లో మంచిది కాదు. పైగా అలా పూసిన మొక్కలు ఒత్తుగా ఉండవు, అడుగున ఖాళీలు కనిపిస్తాయి. ఫ్లోర్ ప్లీనో అనే ముద్దపూల రకం ఈ రెండిటికీ మధ్యస్థం. నా సలహా అడిగితే, కూర్చునే జాగాకు ట్రెనీగ్, పక్కన కుండీలో పూల కోసం మామూలు రకం.

ఈ మొక్క పుట్టిల్లు

రోమన్ కామోమైల్ పశ్చిమ ఐరోపాకు చెందింది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అడవి మొక్కగా కనిపిస్తుంది. హాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్ వైపు వెళితే ఊరి ఉమ్మడి బయళ్ళలో, క్రికెట్ మైదానాల్లో గడ్డి మధ్య దీన్ని చూడవచ్చు. అక్కడ గుర్రాలు స్వేచ్ఛగా తిరుగుతూ మేస్తాయి. పొడవుగా పెరిగే గడ్డిని అవి కొరికేస్తాయి, తొక్కుతాయి. నేలకు అంటుకుని ఉన్న కామోమైల్‌కు వెలుతురు దొరుకుతుంది. మేత ఆగిపోయిన బయళ్ళలో గడ్డి ఎదిగి నీడ కమ్మడంతో ఈ మొక్క మాయమైపోతూ వచ్చింది. బ్రిటన్‌లో అడవి కామోమైల్ నేడు ముప్పున్న మొక్కల జాబితాలో ఉంది. కాబట్టి అక్కడ చూసి ముచ్చటపడండి, వాసన చూడండి, పీక్కుని మాత్రం రాకండి.

మన పెరటికి కావలసిన పాఠం అంతా ఆ బయళ్ళలోనే ఉంది. తేలిక నేల కావాలి, నిండా ఎండ కావాలి, పక్కన ఎత్తుగా పెరిగేది ఏదీ ఉండకూడదు. గుర్రాలు చేసే పని మన పెరట్లో మన వేళ్ళు చేయాలి.

గడ్డి కోసే యంత్రానికి ఎడ్విన్ బడ్డింగ్ గ్లాస్టర్‌షైర్‌లో పేటెంట్ తీసుకున్నది 1830లో. అంతకుముందు పచ్చికను కొడవళ్ళతో కోయాలి, లేదా గొర్రెలను మేపాలి. కోయకుండానే పొట్టిగా ఉండే కామోమైల్‌కు ఆ రోజుల్లో విలువ ఎక్కువ. పదహారో శతాబ్దపు తోటల్లో నడక దారులకు, మట్టి అరుగులకు దీన్ని వాడేవారు. ఇళ్ళలో నేల మీద సువాసన కోసం చల్లే మొక్కల్లోనూ ఇది ఒకటి.

చోటు, నేల

రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు చూసుకోండి. కొద్దిపాటి నీడను భరిస్తుంది కానీ నీడ ఎక్కువైతే కాడలు సాగి పలచబడతాయి. ఇంటి ఉత్తరం వైపు, చెట్ల కింద వద్దు. రోజూ నడిచే దారిలోనూ వద్దు. తొక్కేకొద్దీ ఇంకా పెరుగుతుందని ఇంగ్లండ్‌లో పాత నమ్మకం ఒకటి ఉంది. అప్పుడప్పుడూ మోపే పాదానికి అది నిజం. కుదుళ్ళు నేలకు నొక్కుకుని వేళ్ళు పట్టుకుంటాయి. పిల్లలు బంతి ఆడే చోట మాత్రం వారం రోజుల్లోనే చిరిగిపోతుంది.

తరువాత నీరు ఇంకుతుందో లేదో చూడాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నీళ్ళతో నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు కొన్ని గంటల్లో ఇంకిపోతే దిగులు లేదు. తెల్లారినా నిలిచే ఉంటే ఆ నేలలో కామోమైల్ చలికాలం దాటదు. చలికి ఈ మొక్క భయపడదు, మంచు కురిసినా తట్టుకుంటుంది. కానీ చల్లటి బురదలో వేళ్ళు కుళ్ళిపోతాయి. కొత్తగా కట్టిన కాలనీల్లో ఈ బెడద ఎక్కువ. యంత్రాలు తొక్కి గట్టిపడిన బంకమట్టి మీద నాలుగు వేళ్ళ మందాన మంచి మట్టి పోసి గడ్డి పరిచేస్తుంటారు. పైకి పచ్చగా కనిపిస్తుంది, గడ్డపార దించితే అసలు సంగతి తెలుస్తుంది.

నేల బంకమట్టి అయితే రెండు దారులు. ఒకటి, ముతక గ్రిట్ (సన్నటి రాతి పలుకులు) కలపడం. ఐదు సెంటీమీటర్ల మందాన పరచి అడుగు లోతు దాకా తిరగవేయాలి. అంటే చదరపు మీటరుకు 50 లీటర్లు. మూడు చదరపు మీటర్లకు 150 లీటర్లు, 20 కిలోల సంచులు పది పైచిలుకే అవుతాయి. చిన్నగా వేయమని మొదటే చెప్పిన కారణాల్లో ఇదొకటి. తోటపనికి అమ్మే కడిగిన గ్రిట్ తీసుకోండి. ఇటుక పనికి వాడే మెత్తటి ఇసుక బంకమట్టితో కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. రెండో దారి, నేలను లేపడం. చుట్టూ ఇటుకలో పలకలో పెట్టి, పదిహేను సెంటీమీటర్ల ఎత్తున తేలిక మట్టి నింపి మడి కట్టడం. నీళ్ళు అసలే ఇంకని పెరడైతే రెండోదే నయం.

ఎరువు మోతాదు మించనీయకండి. పేడ ఎరువు దండిగా వేస్తే మొక్క ఏపుగా సాగి వదులుగా పెరుగుతుంది, కలుపు అంతకంటే ఏపుగా పెరుగుతుంది. బాగా మాగిన కంపోస్టు చదరపు మీటరుకు ఒక బకెట్టు చాలు. ఇసుక నేల అయితే ఇంకో బకెట్టు వేసుకోవచ్చు.

కలుపు: అసలు పని ఇదే

మొక్కలు కొనే ముందు ఈ భాగం చదవండి. కామోమైల్ వెడల్పాకు జాతి మొక్క. గడ్డి లాన్ల మీద చల్లే కలుపుమందులు డాండెలయన్‌ను, డైసీని, క్లోవర్‌ను చంపి గడ్డిని వదిలేస్తాయి. ఆ మందు దృష్టిలో కామోమైల్ కూడా కలుపే. అంటే నాటిన తరువాత మీ చేతిలో ఏ మందూ ఉండదు. ఉన్నది రెండు చేతులు, ఒక చిన్న కత్తి. నాటే ముందు వదిలేసిన ప్రతి వేరుముక్కా తరువాత కామోమైల్ కుదురు మధ్యలోంచి లేస్తుంది. దాన్ని పీకితే కామోమైల్ కూడా లేచి వస్తుంది.

అందువల్ల పని ముందు ఏడాది శరదృతువులో మొదలుపెట్టండి. గడ్డిని చెక్కతీసినట్టు పారతో పైనుంచి పలుచగా లేపి తీసేయండి. కింది మట్టిని తోట ఫోర్కుతో (పళ్ళున్న పారతో) తిరగవేయండి. పారతో తిరగవేస్తే వేళ్ళు తెగి ముక్కలవుతాయి. ఫోర్కు అయితే మట్టి విడిపోయి వేరు తెగకుండా దొరుకుతుంది. తెల్లగా, మొనదేలి, నేలలో అడ్డంగా పాకే వేళ్ళు కౌచ్ గడ్డివి. సులువుగా పుటుక్కున విరిగే తెల్లటి మెలికల వేళ్ళు బైండ్‌వీడ్‌వి. వేలెడు ముక్క మిగిలినా ఈ రెండూ మళ్ళీ లేస్తాయి. మట్టిని చేతుల్లోకి తీసుకుని పెళ్ళ పెళ్ళ చిదిపి చూడండి. మూడు చదరపు మీటర్లకు ఒక వారాంతం పడుతుంది. వేళ్ళను కంపోస్టు కుప్పలో వేయకండి, తోట చెత్త డబ్బాలో వేసి పంపేయండి.

బైండ్‌వీడ్ పాతుకుపోయిన నేల అయితే ఒక వేసవి మొత్తం నల్లటి మందపాటి పట్టా కప్పి ఉంచి, మరుసటి వసంతంలో నాటండి. ఏడాది ఆలస్యమైనా పరవాలేదు.

వేళ్ళు తీసేసినా గింజలు మిగులుతాయి. వాటికి మన రైతుల ఉపాయమే మందు. తొలకరికి మొలిచిన కలుపును విత్తే ముందు గుంటకతో కొట్టేసినట్టే, మార్చిలో మట్టిని దంతెతో చదును చేసి వదిలేయండి. రెండు మూడు వారాల్లో పచ్చగా మొలకలు వస్తాయి. ఎండ ఉన్న రోజు చూసి పైపైన చెక్కేయండి, లోతుగా కదపకండి. లోతుగా కదిపితే కింది గింజలు పైకి వస్తాయి. మళ్ళీ రెండు మూడు వారాలు ఆగి ఇంకోసారి చెక్కండి. ఇప్పుడు పై పొరలో మొలవాల్సినవి చాలావరకు అయిపోయినట్టే.

చుట్టూ గడ్డి లాన్ ఉంటే మధ్యలో అంచు కట్టడం తప్పనిసరి. ఇటుకలు నిలువుగా పాతవచ్చు, లోహపు పట్టీ దించవచ్చు. పదిహేను సెంటీమీటర్లు భూమిలోకి దిగాలి. లేదంటే గడ్డి వేళ్ళు ఒకే వేసవిలో ఇవతలికి వస్తాయి.

ఎన్ని మొక్కలు కావాలి?

మొక్కకూ మొక్కకూ మధ్య దూరాన్ని బట్టి లెక్క మారుతుంది. పది సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 100 మొక్కలు, పదిహేనైతే 44, ఇరవై అయితే 25. దగ్గరగా నాటితే త్వరగా కమ్ముకుంటుంది, కలుపుకు సందు దొరకదు. పదిహేను సెంటీమీటర్లు మధ్యేమార్గం. ఆ లెక్కన మూడు చదరపు మీటర్లకు 130 పైన కావాలి.

అన్నీ ఒకేసారి కొంటే ఖర్చు బాగానే అవుతుంది. తొందర లేనివారికి తక్కువ ఖర్చు దారి ఉంది. ఏప్రిల్‌లో డజను కుండీ మొక్కలు కొనండి. వేసవంతా వాటిని ఒక మడిలో ఎడంగా నాటి పాకనివ్వండి. వచ్చే వసంతానికి ఒక్కో మొక్క నుంచి ఐదారు మొదలుకొని పది దాకా పిలకలు వస్తాయి. ఈలోపు అసలు జాగాలో కలుపు పని నిదానంగా ముగించుకోవచ్చు. సొంతగా పెంచిన నారు మీ నేలకు, మీ వాతావరణానికి అలవాటుపడి ఉంటుంది కూడా.

పిలక విడదీయడం ఇలా. కుండీ మొక్కను నీళ్ళలో ముంచి తీసి, పక్కకు వాల్చి, మట్టి రాల్చండి. కాడలను వేళ్ళతో ఎత్తి చూడండి. నేలకు ఆనుకున్న కాడ కింది వైపు కణుపుల దగ్గర తెల్లటి సన్నని వేళ్ళు కనిపిస్తాయి. పొట్టి వేళ్ళు కనీసం మూడు నాలుగు, పైన ఆకుల గుత్తి ఒకటి ఉన్న చోట చూసి, ఆ వేళ్ళు ముక్కతోనే వచ్చేలా తల్లి మొక్క వైపున కత్తితో కోయండి. లాగి తెంపితే లేత వేరు చిట్లుతుంది. కోసిన ముక్క వేలెడు పొడవుంటే చాలు. వేళ్ళు గాలికి ఆరకుండా తడి గోనెగుడ్డ మీద పరుచుకుంటూ పోండి. తల్లి మొక్క నడుమ గోధుమరంగుకు తిరిగి బోడిగా ఉన్న భాగాన్ని పారేయండి, దానికి మళ్ళీ చిగురు రాదు.

విత్తనాలతో పెంచేవారు మార్చిలో ఇంట్లో కిటికీ దగ్గర ట్రేలో చల్లుకోండి. గింజ పొడిలా సన్నగా ఉంటుంది. మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకండి, అరచేత్తో మెల్లగా అద్దితే చాలు. 18 నుంచి 20 డిగ్రీల వేడిలో రెండు వారాల్లోపు మొలుస్తాయి.

నాటే రోజు

ఇంగ్లండ్‌లో ఏప్రిల్ చివరి నుంచి మే నెల మధ్య దాకా మంచి అదను. నేల వెచ్చబడి ఉంటుంది, వానలు పడుతుంటాయి. సెప్టెంబరు కూడా ఫరవాలేదు కానీ బంకనేలలో వద్దు, వేళ్ళు పట్టుకునేలోపే చలి వస్తుంది.

ముందు మట్టిని చదును చేసి, పాదాలతో పక్కపక్కనే అడుగులు వేస్తూ మెల్లగా తొక్కండి. మళ్ళీ దంతెతో పైపొరను వదులు చేయండి. ఇలా తొక్కకపోతే తరువాత నేల ఎగుడుదిగుడుగా కుంగి పల్లాల్లో నీళ్ళు నిలుస్తాయి. పురికొస కట్టి వరుసలు పెట్టుకోండి. పక్క వరుసలో మొక్కలు ఎదురెదురుగా కాకుండా సందుల్లో పడేలా నాటితే త్వరగా కలుసుకుంటాయి. ఒక పలక మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని వెనక్కి జరుగుతూ నాటండి. పాకే కాడ మట్టిని తాకేలా, ఆకుల గుత్తి పైన ఉండేలా పెట్టి రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కండి. కొద్దిగా లాగి చూస్తే ఊడి రాకూడదు. అయ్యాక సన్నని జల్లుతో నేల లోపలి దాకా తడిపేయండి.

పొరుగింటి పిల్లులకు కొత్తగా గుల్ల చేసిన మట్టి అంటే ఎంతో ఇష్టం. మొక్కలు పట్టుకునే దాకా పైన వల కప్పండి, లేదా ముళ్ళకొమ్మలు పరచండి.

మొదటి ఏడాది

మొదటి మూడు నెలలు దాని మీద కాలు పెట్టకండి. కలుపు తీయాలంటే పలక వేసుకుని దాని మీంచి చేయండి. మొదటి వేసవి అంతా వీలైనంత తక్కువగా వాడండి. ఇంట్లో పిల్లలుంటే చుట్టూ నాలుగు వెదురు కర్రలు పాతి తాడు కట్టడం ఉత్తమం.

వాన లేకపోతే మొదటి రెండు వారాలు రోజూ, తరువాత రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పెట్టండి. కొంచెం కొంచెం చిలకరించడం కన్నా తక్కువసార్లు, లోతుగా తడపడం మంచిది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఎండలు ముదిరిన వేసవుల్లో గొట్టంతో నీళ్ళు పట్టడాన్ని నిషేధిస్తుంటారు. ఇంటి కప్పు మీంచి జారే వాననీళ్ళు పట్టే పీపా ఒకటి పెట్టుకుంటే అప్పుడు అక్కరకొస్తుంది.

కలుపు వారానికోసారి తీయండి. రెండాకుల మొలకగా ఉన్నప్పుడు గోటితో లాగేస్తే వచ్చేస్తుంది. అదే నెల ఆగితే కత్తి కావాలి. మూడు చదరపు మీటర్లకు పావుగంట పని. సాయంత్రం టీ తాగాక చేసుకుంటే చేతులకు ఆ వాసన అంటి చాలాసేపు ఉంటుంది. వరుసల మధ్య ఖాళీ కనిపిస్తే పక్కనుంచి పాకుతున్న కాడను అటు తిప్పి, మీద గుప్పెడు మట్టి వేసి నొక్కండి. అక్కడే వేరు పోస్తుంది.

ఆ తరువాత ఏటేటా

ట్రెనీగ్‌కు కోత అక్కర్లేదు. ఆగస్టు చివర కత్తెరతో పైపైన దువ్వినట్టు కత్తిరిస్తే పక్క చిగుళ్ళు వచ్చి చిక్కబడుతుంది. పూసే రకాలకైతే పూత అయ్యాక కత్తిరించడం తప్పనిసరి.

శరదృతువులో పైన పడిన ఆకులను ఎప్పటికప్పుడు ఏరేయండి. తడి ఆకులు వారం పాటు పేరుకుంటే కింద మొక్క కుళ్ళి నల్లబడుతుంది. గడ్డకట్టిన మంచు ఉన్న పొద్దున దాని మీద నడవకండి, కాడలు విరుగుతాయి. చలికి నేల ఉబ్బి కొన్ని కుదుళ్ళు పైకి లేస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల కాస్త ఆరిన రోజు చూసి అరికాలితో మెల్లగా తొక్కి వాటిని మళ్ళీ మట్టికి ఆనించండి.

వసంతంలో చేయాల్సిన ముఖ్యమైన పని అతుకులు వేయడం. ఎంత జాగ్రత్తగా పెంచినా నడుమ నడుమ బోడి మచ్చలు వస్తాయి. పాత కుదురు మధ్యలో ఎండిపోవడం ఈ మొక్క స్వభావం. ఎండిన భాగాన్ని తీసేసి, గ్రిట్, కంపోస్టు కలిపిన మట్టి పోసి, అంచుల నుంచి పిలకలు తెచ్చి నాటండి. ఇందుకోసమే ఓ మూల కుండీలో రెండు మూడు మొక్కలు ఎప్పుడూ నిల్వ ఉంచుకోండి. అదే సమయంలో మిగతా పచ్చిక మీద ఇసుక, జల్లించిన కంపోస్టు సమపాళ్ళలో కలిపి అర సెంటీమీటరు మందాన చల్లి, ఆకులు పైకి కనిపించేలా చీపురుతో ఊడ్చండి. అంతకుమించి ఎరువు వద్దు.

అరుగు కట్టి దాని మీద పెంచడం

జాగా మరీ తక్కువైతే, లేదా కింద కూర్చోలేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, కామోమైల్ అరుగు కట్టండి. కెంట్‌లోని సిస్సింగ్‌హర్స్ట్ కోట తోటలో ఇలాంటి ఆసనం ఉంది. రచయితలైన వీటా సాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతులు 1930లో ఆ శిథిల కోటను కొని తోటగా తీర్చిదిద్దారు. అక్కడి మూలికల తోటలో రాతి ఆసనం మీద మెత్తకు బదులు కామోమైల్ పెంచారు. ఇప్పుడు ఆ తోట చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ నిర్వహణలో ఉంది, వెళ్ళి చూడవచ్చు.

ఇంట్లో కట్టాలంటే 45 సెంటీమీటర్ల ఎత్తు, అర మీటరు వెడల్పు, 1.2 మీటర్ల పొడవు సరిపోతుంది. ఇటుకతో కట్టినా, మందపాటి చెక్కతో చేసినా మంచిదే. పాత రైలు స్లీపర్లకు మాత్రం తారు నూనె పట్టించి ఉంటుంది, ఒంటికి తగిలే చోట అవి వద్దు. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు వదలండి. కింది మూడోవంతు ఇటుక ముక్కలు, గులకరాళ్ళు వేసి, పైన మూడు పాళ్ళు మట్టికి ఒక పాలు గ్రిట్ కలిపి నింపండి. కొన్ని వారాలు వదిలేస్తే మట్టి కుంగుతుంది. మళ్ళీ అంచుల దాకా నింపి, పది సెంటీమీటర్ల దూరంలో నాటండి. 60 మొక్కలు పడతాయి. ఎత్తుగా ఉండటం వల్ల త్వరగా ఆరిపోతుంది, ఎండాకాలంలో తప్పకుండా నీళ్ళు పెట్టాలి. కలుపు తీయడానికి మాత్రం నడుం వంచనక్కర్లేదు. అందుకే నేల మీది పచ్చిక కన్నా ఈ అరుగే నాకు ఎక్కువ ఇష్టం. వాసన కూడా ముక్కుకు దగ్గరగా ఉంటుంది.

రాతి పలకల సందుల్లో కూడా పెంచవచ్చు. సందులో సిమెంటు కాకుండా మట్టి ఉండాలి, అంతే.

వాడుకోవడం

వాసన ఆకులోనే ఉంది కాబట్టి పూయని ట్రెనీగ్ కత్తిరింపులు కూడా పారేయనక్కర్లేదు. నీడన ఆరబెట్టి, పలుచటి నూలు గుడ్డలో మూటకట్టి బట్టల బీరువాలో పెట్టండి. పచ్చి ఆకులనే మూటకట్టి స్నానానికి పట్టిన వేడినీళ్ళలో వేయవచ్చు.

టీకి పూలు కావాలి. అందుకే కుండీలో వేరుగా పెంచమన్నాను. రేకులు పూర్తిగా విచ్చుకుని ఇంకా కిందికి వాలక ముందు, మంచు ఆరిన తరువాత కోయండి. కాడ లేకుండా పూవు తలను మాత్రమే తుంచి, గుడ్డ మీద పలుచగా పరచి గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. వేళ్ళతో నలిపితే పొడిగా రాలేదాకా ఆరాలి, అప్పుడే సీసాలో పోయండి. కప్పుకు ఒకటి రెండు చెంచాల పూలు వేసి, మరిగించిన నీళ్ళు పోసి మూత పెట్టి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. మూత పెట్టకపోతే సువాసనంతా ఆవిరితో పోతుంది. రోమన్ రకం కాస్త చేదుగా ఉంటుంది. టీ కోసమే పెంచేవారికి జర్మన్ రకమే బాగుంటుంది, ఎక్కువ పూస్తుంది, చేదు తక్కువ. పాలు కలపకండి, ఇష్టమైతే తేనె వేసుకోండి.

తోటలో దానంతట అది మొలిచిన తెల్లపువ్వు మొక్కలన్నీ కామోమైల్ కావు. మేవీడ్ జాతి కలుపు మొక్కలు అచ్చం ఇలాగే పూస్తాయి. కొన్నిటికి వాసనే ఉండదు, ఒకదానికి దుర్వాసన. మీరు నాటినదని తెలిసిన మొక్క పూలనే టీకి వాడండి.

ఇక జాగ్రత్తలు. చామంతి, రాగ్‌వీడ్ కుటుంబపు మొక్కలు పడనివారికి కామోమైల్ కూడా పడకపోవచ్చు. దద్దుర్లు రావచ్చు, తీవ్రమైన అలర్జీ కూడా రావచ్చు. పుప్పొడితో తుమ్ములు, కళ్ళ దురద వచ్చేవారు ముందు ఒక ఆకును ముంజేతి మీద రుద్ది ఒక రోజు చూడండి. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా టీ తాగకూడదు. పసిపిల్లలకు పట్టకండి. కుక్కలు, పిల్లులు ఈ మొక్కను ఎక్కువగా తింటే వాటికి వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆకులు నమిలే అలవాటున్న కుక్క ఇంట్లో ఉంటే ఈ పచ్చిక వేయకపోవడమే మంచిది.

ఇతర చోట్ల ఉన్నవారికి

అమెరికాలో సియాటిల్, పోర్ట్‌లాండ్ ప్రాంతాలవారు, న్యూజిలాండ్‌లో ఉన్నవారు నెలల తేడా చూసుకుని ఇదే పద్ధతి పాటించవచ్చు. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల వేసవి వేడికి ఇది నిలవదు, అక్కడ ప్రయత్నించకండి.

తెలుగు రాష్ట్రాల మైదానాల్లోనూ అంతే. నలభై డిగ్రీల ఎండలు, ఆ వెంటనే వానాకాలపు ఉక్క రెండూ కలిసి రోమన్ కామోమైల్‌ను బతకనివ్వవు. అక్కడివారు పచ్చిక ఆలోచన మాని జర్మన్ కామోమైల్‌ను చలికాలపు కుండీ మొక్కగా పెంచుకోవచ్చు. ఉత్తర భారతదేశంలో దాన్ని రబీ పంటగా పండిస్తారు. హైదరాబాద్‌లో అయితే వానలు తగ్గాక, అక్టోబరు చివర వెడల్పాటి కుండీలో ఇసుక కలిపిన మట్టి నింపి గింజలు పైపైన చల్లండి. మొలకలు వచ్చాక జానెడుకు ఒకటి చొప్పున ఉంచి మిగిలినవి తీసేయండి. సంక్రాంతి తరువాత పూలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకోసారి కోస్తూ ఉంటే ఎండలు ముదిరే దాకా పూస్తూనే ఉంటుంది. చివర్లో నాలుగైదు పూలను కోయకుండా వదిలి గింజ కట్టనివ్వండి, వచ్చే అక్టోబరుకు విత్తనం కొననక్కర్లేదు.